మూర్ఛకూ మూర్ఛకూ నడుమ

పెంపుడు జంతువుల ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుల సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కుక్కలకు వచ్చే మూర్ఛల గురించీ, నరాల జబ్బుల నుంచి అవి కోలుకునే తీరు గురించీ ఉన్నందున, ఈ సంచికలో ఆ విషయానికే చోటు ఇస్తున్నాం.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా ఇంట్లో మూడేళ్ల మగ లాబ్రడార్ కుక్క ఉంది. పేరు బుజ్జి. పోయిన నెలలో ఒకనాడు తెల్లవారుజామున నిద్రలోనే కాళ్లు బిగదీసుకుని కొట్టుకుంది. నోటి వెంట నురగ వచ్చింది, మూత్రం పోయింది. రెండు మూడు నిమిషాలకు తేరుకుని లేచింది గాని, గోడలకు గుద్దుకుంటూ చాలాసేపు ఇల్లంతా తిరిగింది. రెండు వారాలకు మళ్లీ అలాగే వచ్చింది. అప్పుడు మా అత్తయ్యగారు దాని పంజా కింద ఇనుప తాళంచెవి పెట్టారు. పక్కింటివారు కుక్కకు పిచ్చి పట్టిందేమోనని అంటున్నారు. డాక్టరు గారు రక్తపరీక్షలు చేయించి ఫినోబార్బిటాల్ మాత్రలు రాశారు. అవి మొదలుపెట్టి వారం అయింది. ఎప్పుడూ మత్తుగా పడుకుంటోంది, వెనక కాళ్లు తూలుతున్నాయి, ఎంత పెట్టినా ఇంకా ఆకలే అంటోంది. మందు ఆపేయమంటారా? — ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆపవద్దు. మీరు అడిగిన మిగతా వాటికన్నా ముందు ఈ మాట చెప్పడం అవసరం, ఎందుకంటే ఫినోబార్బిటాల్‌ను ఉన్నట్టుండి మానేస్తే, అంతవరకు ఆ మందుకు అలవాటుపడిన మెదడు ఒక్కసారిగా అదుపు తప్పి, మొదట వచ్చిన వాటికన్నా తీవ్రమైన మూర్ఛలు వెంటవెంటనే రావచ్చు. మీరు చెప్పిన మత్తు, తూలడం, ఆకలి, వాటితో పాటు ఎక్కువగా నీళ్లు తాగి ఎక్కువసార్లు మూత్రానికి పోవడం, ఇవన్నీ ఈ మందు మొదలుపెట్టిన రోజుల్లో చాలా కుక్కల్లో కనిపించేవే. రక్తంలో మందు ఒక స్థిరమైన స్థాయికి చేరడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. శరీరం సర్దుకున్నకొద్దీ మత్తూ తూలడమూ తగ్గుముఖం పడతాయి. ఆకలి మాత్రం చాలా కుక్కల్లో అలాగే మిగిలిపోతుంది. లాబ్రడార్ జాతికి తిండియావ మామూలుగానే ఎక్కువ కాబట్టి, అడిగినప్పుడల్లా అన్నం పెట్టకుండా, రోజుకు పెట్టే మొత్తాన్నే మూడు నాలుగు పూటలుగా విడదీసి, మధ్యలో ఉడికించిన బీన్స్, క్యారెట్, సొరకాయ ముక్కలు పెట్టండి. రెండు వారాలు దాటినా నిలబడలేనంతగా తూలుతుంటే మోతాదు సరిచూడాలి. ఆ పని మీ డాక్టరు గారే చేయాలి.

ఇక పక్కింటివారి అనుమానం సంగతి. రేబిస్, అంటే పిచ్చికుక్క జబ్బు, సోకి లక్షణాలు బయటపడిన కుక్క తిరిగి మామూలుగా మనుషులను గుర్తుపట్టి, తోక ఊపి, అన్నం తిని, రెండు వారాలు హాయిగా తిరగడం జరగదు. ఆ జబ్బు రోజురోజుకూ ముదురుతుంది, గొంతు మారుతుంది, దవడ జారిపోతుంది, సాధారణంగా పది రోజుల లోపే ప్రాణం పోతుంది. రెండు మూర్ఛల నడుమ బుజ్జి ఎప్పటిలాగే ఉందంటే అది పిచ్చి కాదు. నురగ చూసి కుక్కను తరిమేసినవారినీ, కొట్టి చంపినవారినీ నేను ఎరుగుదును, అందుకే ఈ విషయం మీ వీధివారికి కూడా వివరంగా చెప్పమని కోరుతున్నాను. అయితే దానికి రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నారో లేదో మీ ఉత్తరంలో లేదు. వేయించకపోతే ఆ పని ఎప్పుడు చేయాలో మీ డాక్టరు గారిని అడగండి. మూర్ఛ వచ్చిన సమయంలో ఎవరికైనా పన్ను గుచ్చుకుంటే, సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. టీకాలు వేసిన కుక్కే కదా అని ఊరుకోవద్దు.

తాళంచెవి విషయంలో మీ అత్తయ్యగారిని తప్పుపట్టను. మనుషులకు మూర్ఛ వచ్చినప్పుడు మన ఇళ్లలో తరతరాలుగా చేస్తున్న పనే ఆమె చేశారు. మూర్ఛ దానంతట అదే రెండు నిమిషాల్లో ఆగిపోవడం వల్ల ఇనుము పనిచేసిందని అనిపిస్తుంది. ప్రమాదం తాళంలో లేదు, కుక్క నోటికి చేయి దగ్గరగా పోవడంలో ఉంది. కుక్క నాలుక మింగేయదు. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టకూడదు. నీళ్లు పోయకూడదు, ఉల్లిపాయ వాసన చూపించాల్సిన పని లేదు. చేయవలసినవి చాలా తక్కువ. మెట్ల దగ్గర, మంచం అంచున, పదునైన వస్తువుల పక్కన ఉంటే నడుము వైపు నుంచి పట్టుకుని మెల్లగా పక్కకు జరపండి. టీవీ ఆపి, లైటు తగ్గించి, పిల్లలను వేరే గదిలోకి పంపండి. గడియారం చూడండి. ఎవరైనా ఒకరు ఫోన్‌లో వీడియో తీయండి. కుక్క కొట్టుకుంటుంటే వీడియో తీయడం రాతిగుండె పనిలా అనిపించవచ్చు గాని, డాక్టరు ముందుకు వచ్చేసరికి మూర్ఛ పోయి ఉంటుంది. అది నిజంగా మూర్ఛేనా, స్పృహతప్పి పడిపోవడమా, గుండె జబ్బా, శరీరం మొత్తానికి వచ్చిందా ఒక పక్కకే వచ్చిందా అన్న సంగతి ఆ నిమిషం వీడియో చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

గడియారం చూడమన్నది ఊరికే కాదు. మూర్ఛ అయిదు నిమిషాలు దాటినా, ఒకదాని నుంచి తేరుకోకముందే రెండోది మొదలైనా, ఇరవై నాలుగు గంటల్లో రెండు లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినా అది అత్యవసర పరిస్థితి. అంతసేపు కండరాలు బిగుసుకుంటే శరీరం కాగిపోతుంది. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 106 దాటితే మెదడుతో సహా అన్ని అవయవాలూ దెబ్బతినే ప్రమాదం ఉంది. రోహిణి కార్తెలో మీ గోదావరి జిల్లాల ఉక్కలో అక్కడిదాకా పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆసుపత్రికి తీసుకువెళుతూనే కడుపు, తొడల లోపలి వైపు, పాదాలు కుళాయి నీటితో తడిపి గాలి తగిలేలా చూడండి. మంచుగడ్డలు పెట్టవద్దు. ఇలాంటి సమయంలో మూర్ఛను ఆపడానికి మలద్వారం ద్వారా ఎక్కించే డయజెపామ్ గాని, ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే గాని ఇంట్లో ఉంచుకోవచ్చునేమో మీ డాక్టరు గారిని అడగండి. బుజ్జి బరువుకు ఎంత వాడాలో రాయించుకుని, ఎలా వాడాలో ఆయన దగ్గరే ఒకసారి చేసి చూసుకోండి. డయజెపామ్‌ను ముందుగానే ప్లాస్టిక్ సిరంజిలో నింపి దాచిపెట్టవద్దు, మందు ప్లాస్టిక్‌కు అంటుకుని బలం తగ్గిపోతుంది. గాజు ఆంప్యూల్‌లోనే, వెలుతురు తగలకుండా ఉంచండి.

మూర్ఛ ఆగిన తరవాత గోడలకు గుద్దుకోవడం చూసి మీరు భయపడ్డారు. ఆ సమయంలో చాలా కుక్కలకు తాత్కాలికంగా చూపు ఉండదు, మనుషులను గుర్తుపట్టవు. కొన్ని విపరీతంగా తింటాయి, కొన్ని ఆగకుండా తిరుగుతాయి. ఇది కొన్ని నిమిషాల నుంచి ఒక రోజు వరకు ఉండవచ్చు. ఎంత ప్రేమగా ఉండే కుక్క అయినా ఈ స్థితిలో మీద పడి కౌగిలించుకుంటే కరవవచ్చు, కరిచినట్టు దానికి తెలియదు. దూరం నుంచి పేరు పెట్టి మెల్లగా పిలుస్తూ ఉండండి, మీ గొంతు దానికి దారి చూపుతుంది. పూర్తిగా తేరుకుని, సరిగా మింగగలుగుతోందని తేలాకే నీళ్లు పెట్టండి.

మీ డాక్టరు గారు రక్తపరీక్షలు చేయించి మంచి పని చేశారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు మొదలై, మూర్ఛల నడుమ కుక్క పూర్తిగా మామూలుగా ఉండి, రక్తంలో చక్కెర, కాల్షియం, కాలేయం అన్నీ సరిగ్గా ఉంటే, దాన్ని చాలావరకు వంశపారంపర్యంగా వచ్చే మూర్ఛ వ్యాధిగానే తీసుకుంటాం. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బీగిల్, గోల్డెన్ రిట్రీవర్ జాతుల్లో ఇది ఎక్కువ. అందువల్ల బుజ్జిని జతకట్టించవద్దు. మరో సంగతి, పిడుదులకు ఇచ్చే కొన్ని మాత్రలు, అంటే ఫ్లూరలానర్, అఫోక్సొలానర్, సరోలానర్ వంటివి, కొన్ని కుక్కల్లో మూర్ఛలు రప్పించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. మూర్ఛ ఉన్న కుక్కకు వాటి బదులు వేరే మందు అడగండి.

చికిత్స లక్ష్యం గురించి మొదటే తెలుసుకుంటే తరవాత నిరాశపడరు. మందు వేస్తే మూర్ఛలు పూర్తిగా మాయమయ్యే కుక్కలు ఉన్నాయి గాని, అందరికీ ఆ అదృష్టం ఉండదు. రెండు వారాలకు ఒకసారి వచ్చేది మూడు నెలలకు ఒకసారి వస్తే, మూడు నిమిషాలది ఒక నిమిషంలో ఆగితే, తేరుకోవడం త్వరగా జరిగితే, చికిత్స ఫలించినట్టే. అది తెలియాలంటే ఒక నోట్‌పుస్తకం కావాలి. తేదీ, సమయం, ఎంతసేపు, అంతకుముందు ఏం జరిగింది, మాత్ర ఏ వేళకు వేశారు, ఇవన్నీ రాయండి. రోజుకు రెండు మాత్రలంటే పన్నెండు గంటల తేడాతో వేయాలి. ఈ మందు చీటీ లేకుండా దొరకదు, చిన్న ఊళ్ల మందుల షాపుల్లో అయిపోతే తెప్పించేసరికి రోజులు పట్టవచ్చు కనుక, ఎప్పుడూ పది రోజులకు సరిపడా మిగిలి ఉండగానే కొత్తవి కొనండి. రెండు వారాల తరవాత రక్తంలో మందు స్థాయి, ఆపైన ఆరు నెలలకోసారి దానితో పాటు కాలేయం పరీక్షలు చేయించాలి. ఈ మందు వాడుతున్న కుక్కలో థైరాయిడ్ విలువలు తక్కువగా కనిపించవచ్చు. అంతమాత్రాన థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు కాదు.

ప్రశ్న: వీధిలో దొరికిన నాటు కుక్కపిల్లను తెచ్చి పెంచుకుంటున్నాం. అయిదు నెలలది. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చి, జ్వరం, ముక్కు కారడం, విరేచనాలు తగ్గిన తరవాత రెండు సార్లు మూర్ఛ వచ్చింది. ఇప్పుడు మూర్ఛలు లేవు గాని, ఎడమ ముందు కాలు, దవడ నిద్రలో కూడా అదురుతూనే ఉన్నాయి. వెనక కాళ్ల మీద నిలబడలేకపోతోంది. చాలామంది సూది వేయించి పంపించేయమంటున్నారు. మాకు మనసు రావడం లేదు. కోలుకుంటుందా? — కరీంనగర్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: అన్నం తింటూ, మిమ్మల్ని చూసి తల ఎత్తుతూ, మూర్ఛలు ఆగిన పిల్ల అయితే దానికి అవకాశం ఇవ్వాలన్నదే నా మాట. డిస్టెంపర్ వైరస్‌ను నేరుగా చంపే నమ్మకమైన మందు లేదు, నరాల దాకా పోయిన వాటిలో చాలా పిల్లలు బతకవు. కానీ ఆ గండం దాటినవాటిలో నడక తిరిగి వచ్చినవి ఉన్నాయి. అది రోజుల్లో కాక వారాల్లో, నెలల్లో వస్తుంది. ఆ అదురు మాత్రం జీవితాంతం ఉండిపోవచ్చు. మీకు చూడటానికి బాధగా ఉంటుందేమో గాని, అదురుతూనే పరుగెత్తే, ఆడుకునే, నిండు జీవితం గడిపే కుక్కలు ఉన్నాయి. పాలపళ్లు ఊడి శాశ్వత దంతాలు వచ్చేటప్పుడు వాటి మీద పూత గుంటలు పడి ఉంటే ఈ జబ్బు వల్లనే అని తెలుసుకోండి.

నడక కోసం మందులకన్నా మీ చేతులే ఎక్కువ పని చేయాలి. మొదట నేల చూడండి. మన ఇళ్లలో నున్నటి టైల్స్, గ్రానైట్ బండలు. బలం లేని కాళ్లు వాటి మీద పక్కలకు జారిపోతాయి, జారిన ప్రతిసారీ పిల్లకు లేవాలన్న ధైర్యం తగ్గుతుంది. పాత జంపఖానా గాని, గోనెసంచులు కుట్టిన పట్టా గాని, కొబ్బరిపీచు చాప గాని కదలకుండా పరచండి. రోజుకు మూడు పూటలా ఒక్కో వెనక కాలును తుంటి దగ్గర, మోకాలి దగ్గర, మడమ దగ్గర సైకిల్ తొక్కినట్టు నెమ్మదిగా పది పదిహేను సార్లు ముడిచి చాపండి. నొప్పి పుట్టేంత దూరం లాగవద్దు. తరవాత వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి, కాలు వెనక్కి లాక్కుంటే మెచ్చుకోండి. మెత్తటి తువ్వాలును పొట్ట కింద నుంచి ఉయ్యాలలా పట్టి, బరువులో కొంత మీరు మోస్తూ, నాలుగు పాదాలూ సరిగ్గా నేలకు ఆనేలా ఒక నిమిషం నిలబెట్టండి. వేళ్లు వెనక్కి మడిచి పెడితే చేత్తో సరిచేయండి. అన్నం గిన్నె ముందు పెట్టి నిలబెడితే ఇష్టంగా నిలబడుతుంది. రెండు నిమిషాలు నిలబడగలిగినప్పుడు నాలుగు అడుగులు వేయించండి. అలసిపోయేదాకా చేయించడం కన్నా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు చేయించడం మంచిది.

పడుకునే ఉండే పిల్లకు రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, ఒకే పక్కన ఉంటే తుంటి, మోచేయి దగ్గర పుండ్లు పడతాయి. నాలుగు గంటలకొకసారి పక్క మార్చండి, పరుపు మెత్తగా, పొడిగా ఉంచండి. రెండోది, పడుకోబెట్టి తినిపిస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఛాతీ నేలకు ఆనేలా బోర్లా కూర్చోబెట్టి, తల కొంచెం ఎత్తి, పలచటి పాలు, గంజి కన్నా ముద్దగా ఉన్న పెరుగన్నం, ఉడికించిన కోడిమాంసం, గుడ్డు చిన్న ముద్దలుగా పెట్టండి. మూత్రం ఆగి పొట్ట బిగుసుకుపోతే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఈ జబ్బు మనుషులకు అంటదు. జబ్బు తగ్గాక కూడా కొన్ని వారాలు, కొన్ని కుక్కల్లో అంతకన్నా ఎక్కువ కాలం వైరస్ బయటికి వస్తూ ఉంటుంది కనుక, టీకా వేయించని కుక్కలను దాని దగ్గరికి రానివ్వకండి. దానికి కూడా పార్వో, రేబిస్ టీకాలు ఇంకా అవసరమే. ఎప్పుడు వేయాలో డాక్టరు గారు చెబుతారు. పిల్ల ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకసారి వేయించే టీకాలతో డిస్టెంపర్‌ను దాదాపు పూర్తిగా అడ్డుకోవచ్చు. మన ఊళ్లలో ఇన్ని పిల్లలు ఈ జబ్బుతో పోవడానికి ఆ టీకా అందకపోవడమే ప్రధాన కారణం, అది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

ప్రశ్న: కొబ్బరినూనె పెడితే కుక్కల మూర్ఛ తగ్గుతుందని విన్నాం. మా కోనసీమలో కొబ్బరికి కొదవ లేదు. రోజూ అన్నంలో కలపవచ్చా? — అమలాపురం

జవాబు: ఈ మాటకు మూలం ఉంది. 2015లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు మూర్ఛలున్న 21 కుక్కలకు, మందులు మాన్పించకుండానే, మధ్యస్థ పొడవు కొవ్వు ఆమ్లాలు కలిపిన ఆహారం పెట్టి చూశారు. చాలా కుక్కల్లో మూర్ఛలు తగ్గాయి, మూడింటికి పూర్తిగా ఆగిపోయాయి. అయితే వారు వాడినది ప్రత్యేకంగా తయారుచేసిన ఆహారం. మన గానుగ కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండేది లారిక్ ఆమ్లం, ఆ పరిశోధన ఫలితాన్ని దీనికి అన్వయించలేం. గరిటెలతో నూనె పోస్తే క్లోమం వాపు వచ్చే ప్రమాదం ఉంది, మూర్ఛకు ఫినోబార్బిటాల్ లేదా పొటాషియం బ్రోమైడ్ అనే మందు వాడే కుక్కల్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. బ్రోమైడ్ వాడుతున్నవారు మరొకటి గమనించాలి. తిండిలో ఉప్పు పెరిగితే ఆ మందు శరీరం నుంచి త్వరగా పోతుంది, ఉప్పు తగ్గితే పేరుకుపోతుంది. ఒకరోజు చప్పిడి అన్నం, మరునాడు ఎండుచేప, అప్పడం పెట్టే ఇళ్లలో మూర్ఛలు అదుపు తప్పడానికి ఇది కూడా కారణం కావచ్చు.

ప్రశ్న: మా బీగిల్ వయసు ఆరేళ్లు. రెండు రకాల మందులు వాడుతున్నా నెలలో ఒకసారి ఒకే రోజు నాలుగైదు మూర్ఛలు వస్తున్నాయి. మేమిద్దరం ఉద్యోగస్తులం. రాత్రుళ్లు చిన్న చప్పుడైనా ఉలిక్కిపడి లేస్తున్నాం. ఎంతకాలం ఇలా? దానికి విముక్తి ఇవ్వడం పాపమా? — హైదరాబాద్ దంపతులు

జవాబు: మీ అలసటను దాచుకోకుండా రాసినందుకు ధన్యవాదాలు. మూర్ఛలున్న కుక్కల్లో సుమారు మూడో వంతు మందులకు పూర్తిగా లొంగవు, అది మీ సేవలో లోపం కాదు. కానీ మందు పనిచేయడం లేదని తేల్చే ముందు కొన్ని చూడాలి. రక్తంలో మందు స్థాయి ఈమధ్య చూశారా? కుక్క బరువు పెరిగి పాత మోతాదు చాలకుండా పోయిందా? మీ రెండు మందులు ఫినోబార్బిటాల్, లెవెటిరాసిటామ్ అయితే, మొదటిది రెండోదాన్ని శరీరం నుంచి త్వరగా బయటికి పంపుతుంది, కాబట్టి రెండోదాని మోతాదు పెంచవలసి రావచ్చు. మామూలు లెవెటిరాసిటామ్ రోజుకు మూడుసార్లు వేయాలి, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని మీవంటివారికి అదే కష్టం. నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర రెండుసార్లు సరిపోతుంది గాని, దాన్ని విరవకుండా, నలపకుండా మింగించాలి, కాబట్టి మీ బీగిల్ బరువుకు సరిపోతుందో లేదో అడగాలి. పిల్లలకిచ్చే తీపి సిరప్‌లు సొంతంగా వాడవద్దు, కొన్నింటిలో ఉండే జైలిటాల్ కుక్కలకు విషం. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల మీకు దగ్గరే, నోట్‌పుస్తకం, వీడియోలు, పాత రిపోర్టులు తీసుకుని అక్కడ చూపించి, ఎం.ఆర్.ఐ., వెన్నెముక ద్రవ పరీక్ష అవసరమా అని అడగండి. మూర్ఛలు గుంపుగా వచ్చే రోజుల కోసం, మొదటి మూర్ఛ రాగానే కొద్ది రోజులు అదనంగా వాడే మందు ఏర్పాటు కూడా ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా మూర్ఛల నడుమ అది మిమ్మల్ని గుర్తుపట్టకపోతే, తినడం, ఆడుకోవడం, బయటికి వెళదామంటే లేవడం మానేస్తే, మంచి రోజులకన్నా చెడ్డ రోజులు ఎక్కువైతే, నొప్పి లేకుండా నిద్రలో పంపించడం పాపమని నేను అనుకోను. ఆ నిర్ణయం అర్ధరాత్రి ఆగని మూర్ఛ నడుమ తీసుకోవద్దు. కుక్క బాగున్న రోజున ఇద్దరూ కూర్చుని, ఏ స్థితి వస్తే ఇక ఆపాలో, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో, ఎవరు బండి తీయాలో మాట్లాడుకుని రాసిపెట్టుకోండి. అంతవరకు రాత్రి కాపలా వంతులవారీగా పంచుకోండి, ఒకరు వేరే గదిలో నిద్రపోండి.

ప్రశ్న: మా పదమూడేళ్ల పామరేనియన్ నిన్న ఉదయం హఠాత్తుగా పడిపోయింది. తల ఒక పక్కకు వాలిపోయింది, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి, వాంతులు అవుతున్నాయి. పక్షవాతమా? — గుంటూరు

జవాబు: ఒక్కసారిగా ఇలా రావడం, స్పృహలో ఉండటం, కాళ్లలో బలం ఉన్నా తూలడం చూస్తే, ముసలి కుక్కల్లో లోపలి చెవికి సంబంధించిన సమతౌల్యం దెబ్బతినే జబ్బు అయి ఉండవచ్చు. చూడటానికి ఎంత ఘోరంగా ఉన్నా, ఇది చాలావరకు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టి, రెండు మూడు వారాల్లో నయమవుతుంది. తల కొద్దిగా వంకరగా ఉండిపోయినా ఇబ్బంది లేదు. అయినా ఈరోజే డాక్టరుకు చూపించండి. చెవిలో చీము, రక్తపోటు, మెదడులో కారణం లేవని తేల్చుకోవాలి. వాంతులకు మందు ఇస్తారు. ఇంట్లో చిన్న జాగాలో మెత్తటి గుడ్డలు పరిచి, మెట్లకు అడ్డు పెట్టి, నీళ్లు నోటి దగ్గరికే తీసుకువెళ్లి తాగించండి. మూడు రోజులు గడిచినా ఏ మార్పూ లేకపోయినా, మత్తుగా అయిపోయినా, ఒక పక్క కాళ్లు బలహీనపడినా మళ్లీ తీసుకువెళ్లండి.